‘ఇంట్లనే ఉంటది’ అని రాశాను

2011 ఫిబ్రవరి. పొద్దుగూకే వేళ. మా పెద్దమ్మ ఇంటి గడపలో కూచుని జనగణన ఫారం నింపుతున్నాను. అప్పుడు నేను ఇక్కడ సోలాపూర్‌లో తెలుగు బడి టీచర్ని. టీచర్లకు ఈ డ్యూటీ తప్పదు గదా. నాకు పడిన బ్లాకు మా పూర్వ భాగ్‌లో మూడు సందులు. పెద్దమ్మ ఇల్లు అందులోనే ఉంది.

పెద్దమ్మ గోడకు ఒరిగి, ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. పక్కన నానేసిన ఆకు, కత్తెర, దారం ఉండ. పేరు, వయసు, చదువు, మాతృభాష అన్నీ అయినయి. ఆమె పని గురించిన గడి వచ్చింది. నేను ఆమెను అడగలేదు. ఎదురుగా నిలబడ్డ తమ్ముణ్ణి, అంటే ఆమె కొడుకును అడిగాను.

“అవ్వ ఏం పని చేస్తది రా?”

“ఏం చేస్తది అక్కా, ఇంట్లనే ఉంటది.”

పని చేయనివాళ్ళ గడిలో అంకె వేశాను. పని చేయకుంటే ఏం చేస్తారు అన్న గడిలో ‘ఇంటిపని’ అంకె వేశాను. పెద్దమ్మ తలెత్తలేదు. ఆమె వేళ్ళు ఆగలేదు. పొగాకు నింపి, చుట్టి, మూతి ముడిచి, దారం వేసి చాటలో పడేస్తూనే ఉంది. నేనక్కడ కూచున్న పది నిమిషాల్లో తక్కువలో తక్కువ పదిహేను బీడీలు అయి ఉంటయి. కండ్ల ముందర నడుస్తున్న పనిని చూస్తూనే పని కాదని రాసి, చాయ్ తాగి లేచి వచ్చాను.

ఈ సంగతి అప్పట్నుంచీ నన్ను తొలుస్తూనే ఉందని రాస్తే అబద్ధమైతది. మరిచిపోయిన. మొన్న దాన్ని తవ్వి తీసింది పెద్దమ్మ మనుమడు.

వాడు కాలేజీలో చదువుతున్నాడు. ‘మా జిల్లా అభివృద్ధి’ అని ఏదో ప్రాజెక్టు రాయాలట. “అత్తా, నువ్వు జనగణన చేసినవు గదా, కూసో, నాకు సమజ్ చెయ్” అని ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చాడు. నేను వాడికి చెప్పింది తక్కువ, వాడి దగ్గర నేను తెలుసుకున్నది ఎక్కువ. ఒక ప్రాంతం బాగుపడిందా లేదా, అక్కడి మనుషులు సుఖంగా ఉన్నారా లేదా అని ఎవరెవరు ఎట్లా కొలుస్తారో ఇద్దరం రెండు మూడు సాయంత్రాలు కూచుని చూశాం. మన పత్రిక చదివే ఇండ్లలో చాలావాటికి ఇది పనికొచ్చే ముచ్చట అనిపించి రాస్తున్నాను.

మా బాపు కాలంలో ఈ కొలత సులువు. మిల్లు భోంగా కూసిందా, చిమ్నీ నుంచి పొగ లేచిందా, అంతే. 1877లో జూనీ మిల్లు మొదలైనప్పట్నుంచి ఈ ఊరి బాగోగులను ఊరు అట్లనే కొలుచుకుంది. కరీంనగర్, నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచి మగ్గం వదిలి వచ్చిన మనోళ్ళు ఊరికి రాసే జాబుల్లో కూడా ‘మిల్లు నడుస్తున్నది’ అని రాస్తే చాలు, అందరూ క్షేమమని అర్థం. తర్వాత ఒక్కొక్క మిల్లే మూతపడింది. 1990ల్లో బాపు మిల్లు కూడా ఆగిపోయింది. భోంగా లేని మొదటి పొద్దున బాపు ఎప్పటి టైముకే లేచి, ముఖం కడుక్కొని, డబ్బా కోసం చూసి, మళ్ళా పండుకున్నాడు. ఆ దినం ఊరి అభివృద్ధి ఎంత అని అడిగితే మాకు వేరే పట్టిక అక్కర లేకుండె.

ప్రభుత్వాల లెక్క మాత్రం ముందు రూపాయల్లోనే నడిచింది. జిల్లాలో ఏడాదికి పుట్టిన సంపాదనంతా కలిపి, తలకు ఇంత అని భాగిస్తే తలసరి ఆదాయం వస్తది. మా జిల్లాలో చెరకు ఫ్యాక్టరీలు ఎన్నో. సాంగోలా దిక్కు దానిమ్మ తోటలు. అక్కల్‌కోట్ రోడ్డులో చద్దర్లు, టవల్ కార్ఖానాలు. ఫ్యాక్టరీ సంపాదన, తోట ఆసామి లాభం, మా సందులో సాంచె నడిపే మనిషి హప్తా అన్నీ ఒకే గంపలో పోసి కలిపి పంచుతారు. పంచినట్టు కాగితంలో ఉంటది. చేతికి రాదు.

ఈ లెక్క ఇట్లా మోసం చేస్తదని మొదట చెప్పినవాళ్ళలో దాన్ని కట్టిన మనిషే ఉన్నాడట. సైమన్ కుజ్నెట్స్ అని, అమెరికా జాతీయాదాయాన్ని లెక్కగట్టినాయన. దేశం ఎంత సంపాదించిందో చూసి జనం ఎంత బాగున్నారో చెప్పలేమని 1934లోనే తన నివేదికలో రాశాడు. ఆ మాట పట్టించుకోను లోకానికి యాభై ఏండ్లు దాటింది. 1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్, మన అమర్త్య సేన్ లాంటి వాళ్ళ సాయంతో, ఐక్యరాజ్యసమితి తరఫున మానవ అభివృద్ధి సూచిక అనేది తెచ్చాడు. మనుషులు ఎన్నేండ్లు బతుకుతున్నారు, ఎంత చదువుకుంటున్నారు, ఎంత సంపాదిస్తున్నారు అని మూడు కలిపి సున్నాకూ ఒకటికీ మధ్య ఒక అంకె వేస్తారు.

మహారాష్ట్ర కూడా జిల్లాల వారీగా ఈ అంకెలు వేసింది. 2012 నివేదికలో రాష్ట్రానికి 0.752. అందరికన్నా పైన ముంబయి 0.841, అడుగున నందుర్బార్ 0.604. మా జిల్లా ఈ రెండింటి నడుమ. మనుమడు దీన్ని రంగుల పటంలో చూపించాడు. నేను అడిగాను: “మరి ఇందులో మన సందు ఎక్కడుందిరా?” వాడు పటాన్ని పెద్దగ చేసిండు, ఇంకా పెద్దగ చేసిండు. జిల్లా దాకనే పెద్దగైంది. ఆ పైన రంగు తప్ప ఏం లేదు.

అసలు జిల్లాను పట్టుకొని కొలవడం మహారాష్ట్రకు పాత అలవాటు. విదర్భ, మరాఠ్వాడా వెనకబడి పోయాయన్న గొడవ ముదిరి, 1983లో వి.ఎం. దాండేకర్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. మరుసటేడు నివేదిక వచ్చింది. పద్ధతి చూడను ముచ్చటగా ఉంది. రోడ్లు, నీటిపారుదల, ఊళ్ళకు కరెంటు, చదువు, దవాఖానాలు, పట్నాలకు తాగునీరు, ఇట్లా తొమ్మిది రంగాలు తీసుకున్నారు. ప్రతిదానికి రాష్ట్ర సగటు కట్టారు. సగటు కన్నా కింద ఉన్న జిల్లాను సగటు దాకా లేపను ఎంత ఖర్చయితదో రూపాయల్లో రాశారు. ఆ లోటు పేరే మరాఠీ పేపర్లలో ఇప్పటికీ కనపడే ‘అనుశేష్’. మొత్తం సుమారు 3,187 కోట్లు తేలింది. అందులో విదర్భ వాటా 39 శాతం, మరాఠ్వాడాది 24 శాతం, మిగతా మహారాష్ట్రది 37 శాతం.

నాకు ఈ పద్ధతి నచ్చింది. లోటును ఏడుపులా కాక బాకీలా రాశారు. బాకీ అంటే ఇవ్వాల్సిందే గదా. కానీ ఇందులో కొలిచింది రోడ్డునూ కాలువనూ. ఆ రోడ్డు మీద ఎవరు ఎక్కడికి, ఏ బరువు మోసుకొని పోతున్నారో అది వేరే సంగతి.

తర్వాత వాడు నీతి ఆయోగ్ లెక్క తీశాడు. దీని పేరు బహుముఖ పేదరిక సూచిక. మొదటి నివేదిక 2021లో వచ్చింది. ఇది జిల్లా నుంచి కాక ఇంటి నుంచి మొదలయితది. ఆరోగ్యం, చదువు, బతుకు తీరు అని మూడు భాగాలు, మూడింటికీ సమాన బరువు. వాటిలో మొత్తం పన్నెండు ప్రశ్నలు. లోటు ఉన్నచోట మార్కు పడతది. మార్కులు మూడోవంతుకు చేరితే ఆ ఇల్లు పేద ఇల్లు. ఈ లెక్కన దేశంలో పేదలు 2015–16లో 24.85 శాతం, 2019–21కి 14.96 శాతం. మహారాష్ట్రలో 14.85 నుంచి 7.81కి, మన పాత ఊళ్ళున్న తెలంగాణలో 13.18 నుంచి 5.88కి దిగింది.

“మన ఇంటికి కట్టి చూద్దామా అత్తా?” అన్నాడు మనుమడు. పెద్దమ్మ పక్కనే మంచం మీద ఉంది. కట్టాం.

తిండి: కొలిచేది ఐదేండ్ల లోపు పిల్లలను, 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్ళను, 15 నుంచి 54 ఏండ్ల మొగోళ్ళను. పెద్దమ్మకు డెబ్బై దాటింది. ఆమె బరువు ఎవరికీ అక్కర లేదు. ఇంట్లో మిగతావాళ్ళు బాగానే ఉన్నరు. లోటు లేదు. పిల్లల చావులు లేవు. బాలింతలకు దవాఖానా కాన్పే. చదువు: ఇంట్లో ఒక్కరన్నా ఆరేండ్లు చదివి ఉంటే చాలు. మనుమడే కాలేజీ. బడి ఈడు పిల్లలంతా బడికి పోతున్నరు. ఇక బతుకు తీరులో ఏడు ప్రశ్నలు. వంట గ్యాసు ఉంది. కరెంటు ఉంది. బ్యాంకు ఖాతా ఉంది. కింద ఫర్షీ, మీద స్లాబు. టీవీ, ఫోను, బండి ఉన్నయి. నీళ్ళ నల్లా వాకిట్లోనే ఉంది. మిగిలింది సండాసు. అది నాలుగిండ్లకు కలిపి ఒకటి. ఇతరులతో కలిపి వాడితే లోటే అని నియమం. ఆ ఒక్కదానికి 21లో ఒక పాలు మార్కు పడింది.

పేదోళ్ళు అనిపించుకోవాలంటే 21లో ఏడు పాళ్ళు కావాలె. మా పెద్దమ్మ ఇల్లు ఒక పాలు దగ్గరే ఆగింది. “మనం పేదోళ్ళం కామట అవ్వా!” అని వాడు అరిచాడు. పెద్దమ్మ నవ్వింది. “ఔనా? మరి ఆ సంగతి షావుకారికి జెర చెప్పి రా పో. వడ్డీ అడుగుడు బంద్ చేస్తడేమో.”

ఈ లెక్క పనికిరాదని నేననను. గ్యాసు రావడం చిన్న సంగతా? మా అమ్మ పొయ్యి ఊది ఊది కండ్లలో నీళ్ళు కార్చని దినం లేదు. ఆ పొగ పోయింది. పిల్లలంతా బడిలో ఉన్నరు. ఇవన్నీ నిజంగా జరిగినయి, ఎవరో కొలిచారు కాబట్టే జరిగినట్టు మనకు తెలుస్తోంది. కానీ ఏ ప్రశ్నా అప్పు గురించి అడగలేదు. నల్లా సంగతి చూడండి. మంచినీళ్ళు రక్షితమైనవేనా, తెచ్చుకోను పోయి రాను అరగంట లోపేనా అని ఈ లెక్కలో అడుగుతరు. జనగణనలో కూడా నల్లా ఇంటి ఆవరణలో ఉందా, దగ్గర ఉందా, దూరమా అనే ఉండె. నేనే మూడు సందుల్లో ‘ఆవరణలో’ అని వరసగా అంకెలు వేసుకుంటూ పోయిన. ఎన్ని దినాలకోసారి వస్తయి అన్న గడి లేదు. ఎన్ని గంటలకు వస్తయి అన్న గడి అసలే లేదు. ఉజ్జని డ్యాం నుంచి వంద కిలోమీటర్ల పైన పైపులో రావాల్సిన నీళ్ళు. మా దిక్కు నాలుగైదు దినాలకోసారి వస్తయి. ఒక్కోసారి రాత్రి రెండింటికి. ఆ రాత్రి నిద్ర మానేది ఎవరో ఈ పత్రిక చదివే ఆడోళ్ళకు చెప్పక్కర లేదు. డ్రమ్ములు నింపి నడుము వాల్చేలోపు కోడి కూస్తది. 2016 జనవరిలో దేశంలో మొట్టమొదటి ఇరవై స్మార్ట్ సిటీల పట్టికలో మన ఊరి పేరు వచ్చింది. పేపర్లో చూసి అందరం సంతోషపడ్డాం. ఆ రాత్రి నీళ్ళ వంతు మాదే ఉండె, అందుకే నాకు బాగా యాది.

నిద్ర కూడా కొలిచే దేశం ఒకటుందని మనుమడు చెప్పాడు. భూటాన్. అక్కడ స్థూల జాతీయ ఆనందం అని తొమ్మిది విభాగాల్లో, 33 సూచికలతో కొలుస్తరు. అందులో ఒక విభాగం కాలం. ఎనిమిది గంటల కన్నా ఎక్కువ పని చేస్తే లోటు. ఎనిమిది గంటల కన్నా తక్కువ పండుకుంటే లోటు. పనిలో ఇంటి చాకిరీ కూడా కలుపుతరు. ఇది విని నేను చాలాసేపు మాట్లాడలేదు. పెద్దమ్మకు ఈ రెండూ కడితే ఆమె జన్మలో లోటు లేని దినం ఒక్కటన్నా దొరుకుతదా? మార్కండేయ రథోత్సవం నాడు, నారళీ పౌర్ణమికి, ఒక్క పూట దొరుకుతదేమో. అదీ పొద్దుటి వంట అయినాక.

మన దేశం కూడా ఒకసారి గడియారం పట్టుకొని అడిగింది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం కాల వినియోగ సర్వే చేసింది. ఇంటి చాకిరీ చేసే ఆడోళ్ళు దానికి దినానికి 299 నిమిషాలు పెడుతున్నరట. చేసే మొగోళ్ళు 97 నిమిషాలు. చేసే మొగోళ్ళు అన్న మాట గమనించండి. చాలామంది చేయనే చేయరు. 299 నిమిషాలంటే ఇంచుమించు ఐదు గంటలు. ఇది జీతం రాని పని. దీని మీద మనోళ్ళకు బీడీలో, కండెలు చుట్టుడో, టవళ్ళ అంచులు కుట్టుడో అదనం.

ఇదంతా అవుతుండగనే ఆ మాట వచ్చింది. మనుమడు పట్టికలో ‘పని చేసే ఆడోళ్ళు’ అన్న వరస చూపెట్టి, “ఇందులో అవ్వ కూడా ఉంటది గదా అత్తా, నువ్వే రాసినవు గదా” అన్నాడు.

అప్పుడు యాదికొచ్చింది. గడప, చాట, తమ్ముడి మాట, నేను వేసిన అంకె.

లేదని చెప్పాను.

పెద్దమ్మ మంచం మీద నుంచి లేచి కూచుంది. “నీ కాయితంల గూడ లేనా బిడ్డా?” అన్నది.

‘గూడ’ అన్న మాట ఎందుకన్నదో మా ఇండ్లలో అందరికీ తెలుసు. పెద్దమ్మ నలభై ఏండ్లు బీడీలు చుట్టింది. దినానికి ఎనిమిది వందలు, వెయ్యి. ఇరవై ఐదుకొక కట్ట, నలభై కట్టలైతే వెయ్యి. కానీ ఆమె పేరు మీద కార్డు లేదు. పరాయి మనిషి కార్డు మీద చుట్టింది. కార్డున్న ఆమెకు ఆకు, పొగాకు దొరుకుతయి. ఆమె తన మీద కొంత పని పెట్టుకొని మిగతాది కార్డు లేనోళ్ళకు ఇస్తది. కూలిలో కొంత పట్టుకుంటది. కార్ఖానా రిజిస్టర్లో బీడీలన్నీ ఆ కార్డు మీదనే పడతయి. పీఎఫ్, బోనస్ అన్నీ కార్డుకే. బీడీ, సిగార్ కార్మికుల చట్టం 1966లో వచ్చింది. ఇంట్లో కూచుని చుట్టేవాళ్ళను కూడా కార్మికులే అన్నది ఆ చట్టం. సంక్షేమ నిధి చట్టం 1976లో వచ్చింది. చట్టాలు వచ్చినయి గానీ అందులోకి పోను తలుపు మాత్రం కార్డే.

ఆ కార్డుకు బలం ఎంతో మా ఊరికి తెలిసిన సంగతే. బీడీ చేసే ఆడోళ్ళు ఏండ్ల తరబడి కొట్లాడితే, నరసయ్య ఆడం మాస్టర్ ముందుండి నడిపితే, ఊరి బయట కుంభారిలో గోదుతాయి పరుళేకర్ పేరు మీద 10,000 ఇండ్లు లేచినయి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళాలు ఇచ్చారు. తర్వాత అదే దిక్కున అసంఘటిత కార్మికులకు 30,000 ఇండ్ల రే నగర్ కట్టారు. అందులో 15,000 ఇండ్లు 2024 జనవరి 19న ప్రధాని మోదీ అప్పజెప్పారు. ఊరికి దూరం, పనికి పోను బస్సు కిరాయి, అక్కడి ఇబ్బందులు అక్కడున్నయి. అయినా సొంత గోడ సొంత గోడే. నేను చూసింది ఇదీ: ఆడదాన్ని ‘కార్మికురాలు’ అని ఏదో ఒక కాగితం ఒప్పుకున్న చోట ఇల్లు దాకా వచ్చింది. ఒప్పుకోని చోట చాట దగ్గరే ఆగింది. తన పేరు మీద ఒక్క రుజువు లేక పెద్దమ్మ ఆ మొదటి ఇండ్లప్పుడు అర్జీ కూడా పెట్టుకోలేదు.

నేను సరిగ్గా రాసి ఉంటే ఆమెకు ఇల్లు వచ్చేదా? రాదు. ఇది సాఫ్‌గా చెప్పాలె. జనగణన కాగితాలు ఎవరి పేరునూ ఏ పథకానికీ పంపవు. 1948 జనగణన చట్టం ప్రకారం మీరు చెప్పింది గోప్యం, కోర్టులో సాక్ష్యానికి కూడా పనికిరాదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. నేను తిరిగిన మూడు సందుల్లో సగం ఇండ్లు రేషన్ కార్డు పోతదనో, ఏదో పన్ను పడతదనో భయపడి ఒకటి ఉంటే ఒకటి చెప్పినయి. ఒకామె టీవీ మీద చీర కప్పింది. పాట మాత్రం చీర కింద నుంచి వస్తనే ఉంది.

కానీ పట్టికలో వచ్చే అంకె వేరే పని చేస్తది. ఈ వార్డులో ఇంత మంది ఆడోళ్ళు గృహ పరిశ్రమలో ఉన్నరు అన్న లెక్క తేలితే, పొగాకు దుమ్ముకు దవాఖానా కావాలని, కనీస కూలి పెంచాలని అడిగేవాళ్ళకు చేతిలో ఒక కట్టె ఉంటది. నేను ఆ కట్టెలో నుంచి ఒక పుల్ల విరిచిన. పెద్దమ్మ ఒక్కతేనా? ఆ మూడు సందుల్లో నేను ఎందరిని మొగోళ్ళ నోటితో అడిగి ‘ఇంటిపని’ అని రాశానో ఇప్పుడు లెక్క చెప్పలేను. మాకు శిక్షణలో చెప్పకపోలేదు. ఆడోళ్ళ పనిని గుచ్చి గుచ్చి అడగండి, జీతం లేకున్నా సొంత సాంచెకు కండెలు చుట్టినా పనే, ఏడాదిలో ఆరు నెలలు చేస్తే ముఖ్య కార్మికురాలే అని చెప్పారు. పుస్తకంలో కూడా ఉండె. నూట యాభై ఇండ్లు, ఇరవై దినాలు, పొద్దున బడి. గుచ్చి అడగను ఓపిక లేకపోయింది. అది సాకు. అసలు సంగతి ఏందంటే, పెద్దమ్మ చేసేది పని అని నాకే తోచలేదు. పుట్టినప్పట్నుంచి చూస్తున్న గదా. మా అమ్మ కూడా అదే చేసింది. బాపు మిల్లు ఆగిన రెండేండ్లు ఇల్లు నడిచింది ఆ చాట మీదనే. అయినా ఎవరన్నా అడిగితే మేం చెప్పింది: బాపుకు పని లేదు, అమ్మ ఇంట్లనే ఉంటది.

2021లో కావాల్సిన జనగణన ఆగిపోయింది. ఇప్పుడు మళ్ళా వస్తోంది. 2026 ఏప్రిల్, సెప్టెంబర్ నడుమ ఒక్కో రాష్ట్రంలో ఇండ్ల లెక్క, 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క. ఈసారి ఫోన్‌లో మనమే నింపుకోవచ్చట. అంటే ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే నింపుతరు. నాకు అదే భయం. కొడుకులు, మనుమలు నింపుతరు. అవ్వ ఏం పని చేస్తది అన్న చోట వాళ్ళ వేలు ఎక్కడ పడతదో నాకు తెలుసు, నా వేలు ఎక్కడ పడ్డదో చూసిన గదా. కాబట్టి నింపే ముందు అవ్వను, అమ్మను, కోడలిని పక్కన కూచోబెట్టుకొని వాళ్ళనే అడగండి. బీడీ, కండెలు, అంచులు కుట్టుడు, చపాతీలు చేసి డబ్బాలు కట్టుడు, ఇంటి దుకాణంలో కూచునుడు, అన్నీ చెప్పండి. కూలి చేతికి వచ్చినా రాకున్నా చెప్పండి. మాతృభాష దగ్గర కూడా ఆగండి. మరాఠీ వస్తది, మాట్లాడతం, అది వేరే గడి. మా సందులోనే తెలుగు తప్ప ఇంట్లో ఇంకో మాట లేనోళ్ళు మరాఠీ అని రాయించుకున్నరు, ‘మళ్ళా ఎందుకు లెండి టీచరమ్మా’ అని.

మా కోడలు ఇప్పుడు టీచరు. ఆమెకు డ్యూటీ పడితే ఏ బ్లాకు వస్తదో తెలియదు. పెద్దమ్మకు మాత్రం ఒక అనుమానం పట్టుకుంది. ఇప్పుడు ఆమె వేళ్ళు వంగవు, బీడీ చుట్టలేదు. తమ్ముడి కోడలు చుడుతది, తన సొంత కార్డు మీదనే. పెద్దమ్మ పొద్దంతా అచ్చు పెట్టి ఆకు కత్తిరించి ఇస్తది.

“ఆకు కత్తిరిస్తే గూడ పనేనా బిడ్డా?” అని అడిగింది.

“ఏడాదిల ఎన్ని నెలలు కత్తిరిస్తవు పెద్దమ్మా?”

ఆమె కత్తెర ఆపి, వింత ప్రశ్న అడిగినట్టు నా దిక్కు చూసింది.

“పన్నెండు.”